ద్వాదశి నాటి నలభై చుక్కలు

"ఏమ్మే వకుళా! పాలల్లో పసుపెందుకు కలిపినావు?"

నడవాలో పట్టెమంచం మీద నుంచి మామగారు కృష్ణస్వామి వేసిన కేకకు వంటింట్లో వకుళమాల చేతిలోని గరిటె ఠంగున కిందపడింది.

"పసుపా? యాడ కలిపినా మామయ్యా! ఇప్పుడే పొంగిన పాలు. దించింది దించినట్టే తెచ్చిస్తి గదా!"

"నాకేం కండ్లు లేవనుకున్నావా? చామంతిపూవు మాదిరి ఉండాయి. పాలే కాదు, ఈ పంచె చూడు. దీన్ని గూడా పసుపునీళ్లలో ముంచి ఆరేసినారు. ఏందీ, ఇంట్లో నాకు చెప్పకుండా పెండ్లి పెట్టుకున్నారా?"

గడప పక్కన కూర్చుని అలసందలు ఒలుస్తున్న పుండరీకవల్లి చేటను పక్కకు నెట్టింది. ఆమె కృష్ణస్వామికి అక్క. ఆయనకు డెబ్భై ఒకటి, ఆమెకు డెబ్భై ఆరు. ఆ ఇంట్లో ఆయన్ను పేరు పెట్టి పిలిచేదీ, మొహం మీద తిట్టేదీ ఆమె ఒక్కతే.

"పంచె మల్లెపూవు లెక్క ఉండాది కృష్ణా. పసుపు నీ కంట్లో ఉండాది. నిన్న తిన్నదంతా కక్కుకుంటివి, ఈపొద్దు పాలకు వంక పెడతాండావు. నా కంటే అయిదేండ్లు చిన్నోడివి, నాకంటే ముందే ముసలోడివైపోతివే!"

వీధి గుమ్మంలో జోళ్లు విడుస్తున్న లూదియాకు ఈ మాటలన్నీ వినపడ్డాయి. వినపడి నవ్వొచ్చింది. పన్నెండు రోజులుగా ఆ అక్కాతమ్ముళ్ల తగువులు వినీ వినీ ఆమెకు వాటి మీద మమకారం పుట్టింది. ఆదివారానికని ఊరికి పోయి, నిన్న పొద్దుటికే తిరిగి రావలసిన మనిషి. నంద్యాలలో ఎక్కిన, పెట్రోలు కరువులో బొగ్గు పొగతో నడిచే బస్సు శిరివెళ్ల దగ్గర దగ్గి దగ్గి నిలిచిపోతే, రాత్రి అక్కడ తెలిసినవాళ్ల ఇంట్లో తలదాచుకుని, తెల్లవారి మళ్లీ అదే బస్సెక్కి ఇప్పటికి ఆళ్లగడ్డ చేరింది. ముక్కు మీద మసి, చీర మీద మసి, చేతిలో సంచి.

ఆమె నడవాలోకి అడుగుపెట్టగానే కృష్ణస్వామి వేలు చూపించాడు.

"అదిగో! ఈమె గూడా పసుపు చీర కట్టుకోనొచ్చె! ఏం నర్సమ్మా, మందులిచ్చే పని వదిలిపెట్టి పేరంటానికి బయల్దేరినావా?"

పుండరీకవల్లి పకపకా నవ్వింది. వంటింటి తలుపు చాటున వకుళమాల కూడా నవ్వింది. లూదియా నవ్వబోయి మధ్యలో ఆగిపోయింది.

తన చీర తెలుపు. నర్సులు కట్టే ఉత్త తెల్లచీర. మసి మచ్చలు ఉంటే ఉన్నాయి గాని, పసుపు పోగు ఒక్కటి కూడా లేదు.

నంద్యాల ఆసుపత్రిలో పాఠం చెప్పేటప్పుడు పెద్ద నర్సు మేట్రనమ్మ అన్న మాట చెవిలో గంట కొట్టినట్టు వినిపించింది. గుండె చుక్కలు తాగే రోగి అన్నీ పసుపుపచ్చగా కనపడుతున్నాయన్నాడా, నవ్వొద్దు, అది మందు ఎక్కువైన గుర్తు. బుడ్డి కింద పెట్టి నాడి పట్టుకో.

లూదియా సంచి ఎక్కడ పెట్టిందో ఆమెకే తెలియదు. చేతులు కడుక్కుని మంచం పక్క పీట మీద కూర్చుంది.

"సామీ, చెయ్యి ఇట్లియ్యండి."

కృష్ణస్వామి పక్కనున్న పట్టు ఉత్తరీయం తీసి, నాలుగు మడతలు వేసి, మణికట్టు మీద కప్పుకుని అప్పుడు చెయ్యి చాపాడు. పన్నెండు రోజులుగా ఇదే వరుస. అహోబిలంలో నలభై ఏళ్లు స్వామి సేవ చేసిన ఒళ్లు, కిరస్తానం పిల్ల వేళ్లు తగలకూడదు. పట్టుకు మైల అంటదని ఆయన శాస్త్రం. లూదియా మొదటిరోజే ఈ షరతుకు ఒప్పుకుంది. అప్పుడు ఆయన నాడి పట్టు మీద నుంచి కూడా డోలు కొట్టినట్టు తెలిసేది.

ఈ రోజు ఏమీ తెలియడం లేదు.

"గుడ్డ తీయండి సామీ. సరిగా దొరకడంలే."

"ఇన్ని దినాలు దొరికిన నాడి ఈపొద్దు యాడికి పోతాది? అహోబిలానికి పోయిందా? ఆ మీదనే చూడు."

"నాడి మందగించినట్టుండాది. అందుకే చెప్తాండా."

"నువ్వే మందగించినట్టుండావు, రాత్రంతా శిరివెళ్లలో దోమలు కుడితే. చూడు, చూడు."

ఆయనతో వాదించి గెలిచినవాళ్లు ఆళ్లగడ్డలో లేరు. లూదియా రొమ్ముకు తగిలించుకున్న గడియారం చూస్తూ ఒక నిమిషం లెక్కపెట్టింది. నలభై ఆరు. నమ్మలేక మళ్లీ లెక్కపెట్టింది. నలభై నాలుగు. మూడోసారి నలభై ఎనిమిది. ఏది నిజమో పట్టుగుడ్డకే తెలియాలి. ఏది నిజమైనా అరవైకి మాత్రం చాలా దిగువ. శనివారం సాయంత్రం తాను బస్సెక్కేటప్పుడు డెబ్భై రెండుంది.

"ఊ, అయిపాయ గదా. చుక్కలు పొయ్యి. పొద్దెక్కినా ఇంకా మందు పడలే."

"ఈపొద్దు చుక్కలు లేవు సామీ."

పుండరీకవల్లి చేతిలోని అలసందకాయ చేతిలోనే ఉండిపోయింది.

"లేవంటే? బుడ్డి ఖాళీ అయిందా?" అన్నాడు కృష్ణస్వామి.

"బుడ్డిలో ఉండాయి. నేను ఇయ్యను. నాడి అరవైకి తగ్గితే ఇయ్యకూడదు."

"డాక్టరు చీటీలో ఏం రాసినాడు? దినానికి మూడు వేళలు, వేళకు పది చుక్కలు. అవునా కాదా?" అని పుండరీకవల్లి అందుకుంది. "డాక్టరు ఇయ్యమన్నదాన్ని ఇయ్యనంటానికి నువ్వెవరమ్మీ? రెండు దినాలు ఊర్లు తిరిగొచ్చి, మావోడు నీరసపడినాంక మందు గూడా లేదంటావా? నువ్వు ఈడ లేకపోబట్టే వానికి ఇట్లయింది!"

"చీటీ రాసింది డాక్టరేనమ్మా. పోసేది నా చెయ్యి. డాక్టరు ఈ నాడి చూల్లేదు, నేను చూసినా. చూసి గూడా పోస్తే ఆ తప్పు చీటీది కాదు, నాది."

"అబ్బో! మాటలు నేర్చిందే!"

"నేర్పినారమ్మా. మూడేండ్లు కూర్చోబెట్టి ఇదే నేర్పినారు."

కృష్ణస్వామికి ఆ జవాబు నచ్చినట్టుంది. మీసం లేని పెదవి మీద నవ్వు దాచుకుంటూ గోడ వైపు తిరిగి పడుకున్నాడు. తిరిగినవాడు తిరిగినట్టే, "గోడకు గూడా పసుపు పూసినారు," అని గొణిగాడు.

లూదియా కిటికీ దగ్గరకు పోయి మందుబుడ్డిని వెలుతురుకు పట్టి చూసింది. పోయేటప్పుడు బుడ్డి చీటీ మీద పెన్సిలుతో గీత గీసి పోయింది. తాను లేని రెండు రోజులకు ఆరు వేళలు, అరవై చుక్కలు. మందు సరిగ్గా అంతే తగ్గింది. ఎక్కువ లేదు, తక్కువ లేదు. పక్కనే మందుల కాగితం. వేళకొక గడి, మందు పడినప్పుడు గడిలో ఒక గీత పెట్టమని వకుళమాలకు చెప్పి పోయింది. ఆదివారం మూడు గీతలు. సోమవారం మూడు గీతలు. ముగ్గులో చుక్కల్లాగా తీరుగా ఉన్నాయి.

బుడ్డి సరిగ్గా ఉంది, కాగితం సరిగ్గా ఉంది. మనిషే సరిగ్గా లేడు!

ఆ కాగితం సామాన్యమైన కాగితం కాదు. పద్నాలుగు రోజులు ఒక ఇంట్లో ఒంటరిగా మందులిచ్చి, ఆ కాగితం మేట్రనమ్మకు అప్పగిస్తే, ఆమె సంతకం పెట్టి మద్రాసుకు పంపుతుంది. అప్పుడు లూదియా పేరు నర్సుల రిజిష్టరులో ఎక్కుతుంది. ఎక్కితే సర్కారు ఒప్పిన నర్సు. ఎక్కకపోతే మూడేళ్ల చదువూ గంగలో కలిసినట్టే. సంజామలలో ఆమె నాయన ఏసయ్య అప్పుడే ఊరందరికీ చెప్పేసుకున్నాడు, మా పాప పేరు మద్రాసు పుస్తకంలోకి ఎక్కుతాంది అని. ఇంకా రెండు రోజులే మిగిలాయి.

మందు గొట్టం ఉడకబెట్టడానికి నీళ్ల కోసం లూదియా పెరట్లోకి పోయింది. బావి దగ్గర వకుళమాల చేద లాగుతోంది. ముప్పై ఏళ్ల ఇల్లాలు, మెత్తటి మనిషి. చుక్కలు లెక్కపెట్టడం లూదియా దగ్గర సరదాగా నేర్చుకుంది. నీళ్లు పోయబోతూ లూదియా కళ్లల్లోకి చూసి, ఎందుకో చూపు తిప్పుకుంది.

బావి పక్కన తొక్కలూ తొడిమెలూ పోసిన కుప్ప మీద, ఆకు దూసేసిన అవిసె రెమ్మలు వాడిపోయి పడి ఉన్నాయి. ఇన్ని రోజుల్లో లూదియా ఆ ఇంట అవిసాకు చూడలేదు.

"అక్కా, అవిసాకు వండినారా?"

"నిన్న ద్వాదశి గదా లూదియమ్మా. ద్వాదశి పారణకు అవిసాకు, ఉసిరికాయ లేకుండా మామయ్య విస్తరి ముట్టడు."

"నిన్న ద్వాదశి..." లూదియా చేతిలోని గిన్నె నిండి పొర్లింది. "అట్లయితే మొన్న ఏకాదశి."

వకుళమాల తల వంచుకుని మళ్లీ చేద లాగసాగింది.

"ఏకాదశి నాడు సామి ఏం తింటాడక్కా?"

"ఏం తినడు."

"నీళ్లు?"

"నీళ్లు గూడా ముట్టడు."

"మరి మందు?"

చేద తాడు వకుళమాల చేతుల్లోంచి జారింది. బావిలో దభీమని చప్పుడైంది.

"మొన్న తాగలేదు," అంది వకుళమాల చివరికి. "ఎంత బతిమాలినా తాగలేదు. నిన్న తెల్లవారి స్నానం చేసొచ్చి కూర్చుని, తప్పినవి మూడు వేళలు, ఆ వేళది ఒకటి, నాలుగూ కలిపి పొయ్యమన్నాడు. సంధ్య వేళ తప్పితే మామయ్య ఒక అర్ఘ్యం ఎక్కువ విడుస్తాడు. అది తప్పిన వేళకు ప్రాయశ్చిత్తం. మందు గూడా అంతేనంట. కాలం తప్పిందాన్ని కలిపి తీర్చాలంట. నేను నిలబడి నలభై లెక్కబెట్టినా లూదియమ్మా. ఒక్క చుక్క అటూ ఇటూ పోనీలే. పోసినాంకనే నాలుగు గడుల్లోనూ గీతలు పెట్టినా. మధ్యాన్నం పది, మాపుకు పది మామూలే. తప్పు చేసినానా?"

అడిగి, తడి చేతులు చెంగుకు తుడుచుకుంది.

లూదియా బావి గట్టు మీద చతికిలపడింది. ఏడవాలో నవ్వాలో తెలియలేదు. నలభై చుక్కలు! ఒక్క చుక్క అటూ ఇటూ పోకుండా! చుక్కలు లెక్కపెట్టడం నేర్పింది, గీత గీయడం నేర్పింది. తప్పిపోయిన వేళను వదిలెయ్యాలి, ఎన్నటికీ కలపకూడదు అన్న ఒక్క మాట చెప్పలేదు. మందుకు కూడా ప్రాయశ్చిత్తం ఉంటుందని సంజామల కిరస్తానం ఇంట్లో పుట్టిన పిల్లకు ఎట్లా తడుతుంది?

"నువ్వు కాదక్కా. నేను చేసినా," అంది.

వకుళమాల భర్త చక్రపాణి హైస్కూల్లో తెలుగు పండితుడు. బడికి పోబోతూ గొడుగు తీసుకున్నవాడు, సంగతి విని గొడుగు చంకలోనే పెట్టుకుని వసారాలో అటూ ఇటూ పది సార్లు తిరిగాడు.

"ఇప్పుడు మా నాయనకు ప్రాణభయముందా?"

"కదలకుండా పండుకుంటే, ఇంకొక చుక్క పడకుంటే, మెల్లగా తేరుకుంటాడన్నా. కానీ అది చెప్పాల్సింది డాక్టరు. బేగా తంతి పంపండి. నాడి నలభై ఆరు, నిన్న అరవై చుక్కలు పడినాయి, ఈపొద్దు మందు ఆపినాం అని."

"అరవై అనే మాట ఎందుకు? నాడి తగ్గింది, మందు ఆపినాం అంటే చాలదా?"

చక్రపాణి గొంతు తగ్గించాడు.

"చూడు నర్సమ్మా. కాగితంలో గీతలు సరిగ్గా ఉండాయి. బుడ్డి సరిగ్గా ఉండాది. దాన్ని అట్లే ఉండనీ. నీ పేరు మద్రాసుకు పోతాది, మాకూ మాట రాదు. అరవై చుక్కల మాట ఈ గోడలు దాటిందంటే ఊర్లో ఏమంటారో తెలుసునా? కోడలు మామకు మందు పెట్టిందంటారు. ఆమె మళ్లా గుడికి పోగలదా? బావికాడికి పోగలదా?"

లోపల తలుపు వెనక గాజులు గలగలమన్నాయి. వకుళమాల వింటోంది.

ఈ మాట లూదియాకు తగలలేదంటే అబద్ధం. గుచ్చుకుంది. గీతలు వాటంతట అవే ఉన్నాయి. తాను అబద్ధం రాయనక్కరలేదు, నిజం రాయకుండా ఉంటే చాలు. కళ్లముందు నాయన ఏసయ్య మొహం, ఎర్ర తలగుడ్డ, ఊరందరికీ పంచిపెట్టిన ఆ సంతోషం కనపడ్డాయి. చేతిలోని కాగితాన్ని మడవబోయి ఆగింది. చక్రపాణి ఆశగా నిలబడ్డాడు.

"అన్నా, మీరు పిలకాయలకు పాఠం చెప్పేవాళ్లు. మీరే చెప్పండి. ఈ గీతలు చూసి డాక్టరు ఏమనుకుంటాడు? దినానికి ముప్పై చుక్కలకే ఈయన నాడి పడిపోయింది, ఈ మందు ఈయనకు సరిపడదు అనుకుంటాడు. జన్మలో మళ్లా ఆ మందు రాయడు. అది లేకపోతే సామి కాళ్లు మళ్లా వాస్తాయి, మళ్లా ఆయాసం వస్తాది. అప్పుడేం చేస్తాం? సరిపడకపోయింది మందు కాదు, నలభై చుక్కలు ఒక్కసారే పోసేది. అది డాక్టరుకు తెలియాల గదా."

చక్రపాణి చంకలోని గొడుగు తీసి నేలకు ఆనించాడు.

"ఇంకొక మాట. ఏకాదశి ఈ ఇంటికి ఒక్కదానికేనా? అహోబిలం నుంచి నంద్యాల దాకా ఎన్ని ఇండ్లల్లో ఉంటారు? రేపు ఇంకొక సామికి ఇంకొక నర్సు ఇదే బుడ్డి ఇచ్చి పోతాది. నేను చెప్పని మాట ఆమె గూడా చెప్పదు. ఆమెకు ఎవరు చెప్పాల? ఈ కాగితమే చెప్పాల."

చక్రపాణి గొడుగు చివరతో నేల మీద సున్నా చుట్టాడు. మళ్లీ దాన్ని కాలితో చెరిపాడు. మెట్లు దిగిపోయాడు. బడికి పోయాడో, తంతి ఆఫీసుకు పోయాడో తెలియలేదు.

లూదియా నడవాలోకి వచ్చి, పీట మీద కాగితం పెట్టుకుని, పెన్ను తీసింది. గీతలను కొట్టేయలేదు. వాటి కింద రాసింది. ఆదివారం మందు ఇవ్వలేదు, ఉపవాసం. సోమవారం ఉదయం నాలుగు వేళల మందు ఒక్కసారిగా, నలభై చుక్కలు. తరువాత రెండు వేళలు మామూలుగా. మంగళవారం నాడి నలభై ఆరు, నలభై నాలుగు, నలభై ఎనిమిది, పట్టుగుడ్డ మీద చూసినది. మందు ఆపినాను. తప్పిన వేళ మందు కలపకూడదని ఇంట్లో వాళ్లకు నేను చెప్పలేదు. నాడి చూసే మనిషిని పెట్టకుండా ఊరికి పోయినాను. తప్పు నాది. ఇట్లు, లూదియా.

"ఏం రాస్తాండావు?" అన్నాడు కృష్ణస్వామి.

లూదియా చదివి వినిపించింది. ముసలాయన చప్పున లేవబోయాడు.

"లేవద్దు సామీ! పండుకునే మాట్లాడండి!"

"పండుకునే అరుస్తా. తప్పు నీదా? పొయ్యమన్నది ఎవరు? నేను! కర్త నేనైతే నువ్వెట్ల రాసుకుంటావు? ఏం, కృష్ణస్వామి చేసింది నర్సు పిల్ల మీదికి తోసినాడని అనుకోవాల్నా లోకం? రాయి. పొయ్యమన్నవాడు కృష్ణస్వామి. రాసి ఇట్లియ్యి, చేవ్రాలు పెడతా."

"పడుకుని ఎట్ల పెడతారు సామీ?"

"పెడతా! నువ్వు కాగితం పట్టుకో."

పట్టుకుంది. ఆయన వెల్లకిలా పడుకునే, ఆకాశంలో రాసినట్టు, సంతకం గిలికాడు. ఇంకు చుక్క ఒకటి ఆయన ముక్కు మీదే పడింది.

అప్పటిదాకా తలుపు చాటున ఉన్న వకుళమాల గడప దాటి వచ్చింది. మామగారి ఎదుట ఎన్నడూ గొంతెత్తని మనిషి.

"నా పేరు గూడా రాయి లూదియమ్మా. ఇంట్లో వాళ్లు అని రాస్తే యాడ సరిపోతాది? లెక్కబెట్టి పోసింది నేను. పోసిన చెయ్యి తప్పు గూడా మొయ్యాలని పొద్దున నువ్వే గదా అంటివి. ఊరేమన్నా అనుకోనీ."

లూదియా కాగితం ఆమె చేతికిచ్చింది. వకుళమాల ముగ్గు వేసినంత శ్రద్ధగా తన పేరు రాసింది.

పుండరీకవల్లి ఇదంతా చూస్తూ ఎంతసేపు ఊరుకుంటుంది? చేట విసిరి లేచింది. అలసందలు నడవా అంతా దొర్లాయి.

"అందరూ రాసుకుంటాండారే! ఏకాదశి నాడు మందు తాగితే వ్రతం చెడుతాదిరా కృష్ణా అని వాని చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పింది ఎవరు? నేను! నా పేరు లేకుండా ఎట్లయితాది?"

"పొద్దున నర్సమ్మను తిడ్తివి గదే అక్కా!"

"తిట్టింది పొద్దున. ఇది మధ్యాన్నం. నాకు రాసేది రాదు. బొటనవేలికి మసి పుయ్యి అమ్మీ."

మసికి ఎక్కడికో పోనక్కరలేదు. లూదియా చీర మీదే కావలసినంత ఉంది. పుండరీకవల్లి వంగి ఆ చీర చెంగుకు బొటనవేలు రుద్దుకుని, కాగితం మీద గట్టిగా ఒత్తింది. ఒత్తినాక గాని తాను ఎవరి చెంగు పట్టుకుందో ఆమెకు తట్టలేదు. తట్టినాక కూడా స్నానానికి పరుగెత్తలేదు. వేలు వైపు చూసుకుని, "బాగా పడిందే," అంది.

మూడు గంటలప్పుడు వీధిలో కారు హారను మోగింది. పెట్రోలు చీటీల మీద దొరికే రోజుల్లో ఆ వీధికి కారు రావడమే వింత. ముందు సీట్లోంచి చక్రపాణి దిగాడు. చంకలో గొడుగు, మొహమంతా చెమట. తంతి పంపి, కారు వచ్చిందాకా బస్టాండులోనే నిలబడి, దారి చూపించి తెచ్చినట్టున్నాడు. అరవై అనే మాట తంతిలో పెట్టాడా లేదా అని లూదియా ఆయన కళ్లల్లోకి చూసింది. పెట్టానన్నట్టు ఆయన తల ఊపాడు.

వెనక సీట్లోంచి మేట్రనమ్మ దిగింది. నంద్యాల ఆసుపత్రిలో ఆమె నవ్వగా చూసినవాళ్లు లేరు. వస్తూనే డాక్టరు పంపిన కొత్త చీటీ చదివింది. చుక్కలు పూర్తిగా ఆపాలి, మూడు రోజులు మంచం దిగకూడదు, ప్రతి రెండు గంటలకూ నాడి చూడాలి. చదివి చెయ్యి చాపింది.

"కాగితం."

లూదియా ఇచ్చింది. మేట్రనమ్మ నిలబడే చదివింది. పై గీతలు చూసింది. కింది రాత చూసింది. ఆకాశంలో రాసిన సంతకం, ముగ్గులాంటి సంతకం, మసి వేలిముద్ర చూసింది. అద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూసింది.

"ఇది మందుల కాగితమా, పెండ్లి పత్రికా?"

ఎవరూ నవ్వలేదు.

"ఈ తప్పు ఎవరిది? ఒక్కరి పేరు చెప్పండి."

"నాది," అన్నారు నలుగురూ. మంచం మీద నుంచి ఒక గొంతు, గడప దగ్గర నుంచి ఒక గొంతు, స్తంభం పక్క నుంచి ఒక గొంతు. లూదియా గొంతు మాత్రం చాలా మెల్లగా వచ్చింది.

మేట్రనమ్మ కాగితాన్ని జాగ్రత్తగా నాలుగు మడతలు పెట్టి చేతిసంచిలో వేసుకుంది. ఆ మొహంలో కోపముందో మరేముందో కనిపెట్టడం దేవుడి వల్ల కూడా కాదు.

"ఇది ఈ రాత్రి డాక్టరుగారు చూడాల. చూసినాకనే మద్రాసు మాట. ఈడికి మాపుకు వేరే నర్సును పంపుతా. లూదియా, సంచి సర్దుకో. నాతో నంద్యాలకు రా."

వకుళమాల చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. లూదియా వంగి సంచి వెతుక్కుంది. పొద్దున ఎక్కడ పెట్టిందో ఇప్పటికీ తెలియలేదు.

మేట్రనమ్మ గడియారం చూసుకుని మంచం పక్క పీట లాక్కుని కూర్చుంది.

"అంతలోపల నాడి నేను చూస్తా. ఏదీ, చెయ్యి ఇయ్యండి."

కృష్ణస్వామి మణికట్టు మీద పట్టు ఉత్తరీయం నాలుగు మడతల్లో సిద్ధంగానే ఉంది. ఆయన మేట్రనమ్మను చూశాడు. గోడ వైపు వంగి సంచి వెతుకుతున్న పిల్లను చూశాడు. రెండో చేత్తో ఆ పట్టుగుడ్డను లాగి మంచం కింద పడేశాడు. పుండరీకవల్లి "కృష్ణా!" అంది. ఆయన వినిపించుకోలేదు.

ఉత్త చెయ్యి, నరాలు తేలిన ముసలి చెయ్యి, మేట్రనమ్మను దాటించి అవతలికి చాపాడు.

"పాపా, సంచి మళ్లా వెతుక్కుందువు గాని. నాడి చూసే పొద్దాయ. వచ్చి చూడు."

లూదియా మేట్రనమ్మ వైపు చూసింది. మేట్రనమ్మ పీట మీద నుంచి లేచి, పక్కకు జరిగింది.

లూదియా కూర్చుని, పన్నెండు రోజులుగా గుడ్డ మీద నుంచి వెతికిన ఆ నాడి మీద మూడు వేళ్లు ఆనించింది. గడియారం ముల్లు తిరగడం మొదలుపెట్టింది. గుడ్డ అడ్డం లేకుండా వేళ్లకు తగిలే ఒక్కొక్క దెబ్బనూ ఆమె లెక్కపెట్టసాగింది.